తండ్రుల బాకీ

వేసవి సెలవుల్లో ఒక రాత్రి ఇషా నమాజు ముగించుకుని ఇంటికి వచ్చేసరికి మా ఇంటి పిల్లవాడు దీపాలార్పి కంప్యూటరు ముందు కూర్చుని ఉన్నాడు. తెరపై సమాధులు, స్పీకర్లలో డప్పుల చప్పుడు. అన్నదమ్ములం ఇద్దరమూ ఒకేసారి కేకవేయబోయాము. "ఒక్కసారి చూసి, ఆ తర్వాత తిట్టండి" అన్నాడు. చూద్దామని కూర్చున్నాము. మూడు రాత్రులు అలాగే కూర్చున్నాము.

ఆ ఆట పేరు 'గేబ్రియల్ నైట్: సిన్స్ ఆఫ్ ద ఫాదర్స్'. తండ్రుల పాపాలు అని అర్థం. జేన్ జెన్సెన్ అనే రచయిత్రి రూపొందించిన ఈ ఆటను అమెరికాలోని సియెర్రా సంస్థ 1993లో విడుదల చేసింది. 2014లో కొత్త బొమ్మలతో మళ్ళీ వచ్చింది. ఇందులో చేతివేగం కన్నా ఆలోచనకే పని ఎక్కువ. మౌసు నొక్కుతూ ఒక్కొక్క వస్తువునూ పరిశీలించాలి, మనుషులను ప్రశ్నించాలి, దొరికిన ఆధారాలను జతచేయాలి.

గేబ్రియల్ న్యూ ఆర్లియన్స్ నగరంలో చిన్న పుస్తకాల దుకాణం నడిపే నవలాకారుడు. వూడూ ఆనవాళ్ళతో జరుగుతున్న హత్యలపై నవల రాయాలని బయలుదేరుతాడు. విన్న మాటలను టేప్ రికార్డరులో భద్రపరచుకుంటాడు. సమాధి గోడపై గీసిన రహస్య సంకేతాలను విప్పుతాడు. మరోవైపు పీడకలలు అతన్ని వెంటాడుతూనే ఉంటాయి. వెతుకులాట చివరికి అతని సొంత వంశం వద్దకు, జర్మనీలోని పూర్వీకుల కోట వద్దకు చేరుతుంది. సుమారు మూడు వందల ఏళ్ళ కిందట ఆ వంశీకుడొకడు ప్రేమించిన స్త్రీ మంటలకు ఆహుతైంది. ఆమె శాపం ఆ వంశాన్ని ఇంకా వదలలేదు.

శాపాలను, మంత్రతంత్రాలను మేము నమ్మము. ఆ సంగతి పిల్లవాడికి స్పష్టంగా చెప్పాము. వాడి సందేహం వేరు. "ఎప్పుడో చనిపోయినవాడు చేసినదానికి ఇతనికేమిటి సంబంధం?" అని అడిగాడు. ఎవరి పాపానికి వారే జవాబుదారులని చెప్పాము.

"అయితే దాదీ ఎకరం సంగతి?"

మేమిద్దరమూ ముఖాలు చూసుకున్నాము. వాడు దాదీ అన్నది మా ఫుప్పును. మా తాతగారికి మా అబ్బా, ఫుప్పు ఇద్దరే సంతానం. ఆయన వదిలివెళ్ళిన మూడెకరాల్లో ఒక ఎకరం షరీఅత్ ప్రకారం ఫుప్పుది. అన్నతో గొడవ ఎందుకని ఆమె ఏనాడూ నోరు విప్పలేదు. అబ్బా ఇవ్వలేదు. ఆయన పోయాక ఆ మూడెకరాలూ మా ఇద్దరి పేర్ల మీదికి వచ్చాయి. ఏటేటా ఆ పొలం కౌలు డబ్బు తెచ్చుకుంటూ, తప్పు అబ్బాది కదా, మాది కాదు కదా అని మనసుకు సర్దిచెప్పుకుంటున్నాము.

ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. పాపం వారసత్వంగా రాదు, నిజమే. తీసుకున్న సొమ్ము మాత్రం వస్తుంది. అది మన చేతిలో ఉన్నంతకాలం ఆ తప్పు తండ్రిది కాదు, మనదే.

రెండు నెలల తర్వాత రిజిస్ట్రేషను కాగితాలు తీసుకుని ఫుప్పు ఇంటికి వెళ్ళాము. ఇన్నేళ్ళ కౌలులో ఆమె వాటా లెక్కగట్టి, విడతలుగా ఇస్తామని కూడా చెప్పాము. ఆమె కళ్ళజోడు సర్దుకుని కాగితాన్ని రెండుసార్లు చదివింది. మడతపెట్టి ఒడిలో ఉంచుకుంది. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

"మీ అబ్బా కోసం దుఆ చేయండి. నేనూ చేస్తాను" అంది చివరికి.