డామొక్లిసు ఖడ్గము

తలమీద వ్రేలాడు అపాయమును ఆంగ్లేయులు డామొక్లిసు ఖడ్గమని వ్యవహరింతురు. తీర్పునకై వేచియున్న వ్యాజ్యమునకును, ఊడనున్న ఉద్యోగమునకును సైతము ఈ మాట వాడుట నేడు పరిపాటి. 1961లో ఐక్యరాజ్యసమితియందు అమెరికా అధ్యక్షుడు కెనడీ, ఆబాలవృద్ధము అణ్వాయుధమను ఈ కత్తిక్రిందనే బ్రతుకుచున్నారని చెప్పినపుడు మాత్రము దానికి తగిన గాంభీర్యము లభించినది.

సిసిలీ ద్వీపమున సైరక్యూసు నగరము నేలిన డయొనీసియసు, తన భాగ్యమును వేనోళ్ళ పొగడిన డామొక్లిసును, ఆ భాగ్యపు రుచి చూపుటకై, స్వర్ణపర్యంకముపై కూర్చుండబెట్టి, ధూపపరిమళముల నడుమ విందు సమకూర్చి, సరిగా శిరస్సుపైన ఒక్క గుఱ్ఱపు వెండ్రుకతో కత్తిని వ్రేలాడగట్టించెనని క్రీ. పూ. 45లో రోమను రచయిత సిసెరో వ్రాసెను. పళ్ళెరమువైపు చేయి చాపలేక, తలపైని పూదండలు జారిపోవుచుండ, డామొక్లిసు సెలవు వేడుకొనెను.

నాకు అతనికంటె ఆ రాజుమీదనే జాలి కలుగుచున్నది. మంగలికి మెడ నొప్పగింప వెఱచి, కూతుండ్రకే క్షౌరము నేర్పించి, వారు పెరిగిన పిదప వారిచేతి కత్తిని సైతము నమ్మక, కాల్చిన అక్రోటు పెంకులతో గడ్డము మాడ్పించుకొన్న ఆ మనుష్యునికి సెలవిచ్చువారెవరు? యౌవనమున చేసిన దుష్కృత్యములే న్యాయమార్గమునకు మరలు త్రోవను అతనికి మూసివైచినవని సిసెరో అభిప్రాయపడెను.