గాలిమరని దించడం సరే, నిలబెట్టేది ఎక్కడ?

రండి, మంటకి కాస్త దగ్గరగా జరగండి. పడమట మహేంద్రగిరి, తూర్పున సముద్రం, మధ్యలో మన జలంత్రకోట. చలి అటునుంచి, గాలి ఇటునుంచి. ఈ గాలి విషయమే ఇవాళ మీతో మాట్లాడాలని ఉంది.

ఎక్కడో పాడుబడ్డ పాత గాలిమరని కొని, విప్పి, లారీలో తెచ్చి మన ఉద్దానం కొబ్బరితోటలో నిలబెడితే నీళ్లు తోడదా అని అడిగేవాళ్లున్నారు. అడగాల్సిన మాటే. శ్రీ సత్యసాయి జిల్లా రామగిరి కొండల మీద కరెంటు తీసే మూడు రెక్కల పెద్ద మరల సంగతి వేరు. నేను చెప్పేది నూతిలో నీళ్లు తోడే చిన్న గాలిమర గురించి. నాలుగు కాళ్ల ఇనుప టవరు, పైన గుండ్రంగా రేకుల చక్రం, వెనక ఒక తోక. చక్రం తిరిగితే దాని వెనకున్న పెట్టెలోని పళ్ల చక్రాలు ఆ తిరుగుడుని పైకీ కిందికీ ఊపుగా మారుస్తాయి. ఆ ఊపుతో ఒక కడ్డీ టవరు నడుమ నుంచి నూతిలోకి దిగుతుంది. అడుగున సిలిండరు, అందులో తోలు వాషరు. మన వీధి బోరింగులో ఉండేదీ ఇదే ఏర్పాటు. అక్కడ చెయ్యి కొడుతుంది, ఇక్కడ గాలి కొడుతుంది.

గాలి మరీ హెచ్చితే తనంతట తానే సర్దుకునే గాలిమరని 1854లో అమెరికాలోని కనెక్టికట్‌లో డేనియల్ హాలడే తయారుచేశాడు. అంతకుముందు చాలా మరలకి మనిషి పరుగెత్తి వెళ్లి తెరచాపలు దించాల్సి వచ్చేది. తర్వాత థామస్ పెర్రీ అనే ఇంజనీరు రెక్క ఎంత వంపు ఉండాలి, ఎంత వాలు ఉండాలి అని దాదాపు 5,000 పరీక్షలు చేశాడు. ఆ లెక్కలతో ఉక్కు రెక్కల ఏర్‌మోటర్ 1888లో చికాగోలో పుట్టింది. ఆ ఏడు అమ్ముడైనవి 45. నాలుగేళ్లకి 1892లో 20,000. 1915 నుంచి దాని గేర్లు నూనెలో మునిగి తిరిగేలా చేశారు కాబట్టి ఏడాదికోసారి టవరెక్కి నూనె మారిస్తే చాలు. మన దేశంలోనూ ప్రయత్నాలు తక్కువేం జరగలేదు. బెంగళూరు నేషనల్ ఏరోనాటికల్ లేబొరేటరీ 1960ల్లోనే నీళ్ల గాలిమరని రూపొందించింది. తర్వాత 12 రెక్కలు, 5 మీటర్ల చక్రంతో 12-పీయూ-500 అనే రకం ప్రభుత్వ సాయంతో పల్లెలకి వెళ్లింది. ఆరోవిల్ వాళ్లు తమ సొంత నమూనాలు చేసుకున్నారు. పల్లెపల్లెకీ కరెంటు మోటార్లు వచ్చాక, అందులోనూ మన రాష్ట్రంలో 2004 నుంచి వ్యవసాయానికి కరెంటు ఉచితం అయ్యాక, గాలిమర వైపు చూసేవాళ్లు తగ్గిపోయారు.

చూసేవాడు లేని మరకి గ్యాస్ కట్టరే గతి. నాకు బాధ కలిగేది అక్కడే. టవరు కాళ్లు కోసేసి, కూల్చేసి, తుక్కు కింద కిలోల లెక్కన తూచేస్తారు. పెట్టెలోని పళ్ల చక్రాలు ఇంకో యాభై ఏళ్లు తిరిగే స్థితిలో ఉన్నా అదే తక్కెడ. టెక్సాస్ టెక్‌లో పాఠాలు చెప్పిన బిల్లీ వోల్ఫ్ అనే ఆవిడ పొలాల్లో ఒంటరిగా మిగిలిపోయిన గాలిమరలని వెతికి పోగుచేయడం మొదలుపెడితే, లబ్బక్ ఊళ్లో ఏకంగా గాలిమరల మ్యూజియమే లేచింది. మనం మ్యూజియం కట్టక్కర్లేదు. విప్పితే చాలు.

విప్పడానికి ఓర్పు కావాలి. ముందు రోజే ప్రతి నట్టుకీ కిరసనాయిలు పట్టించాలి. తెల్లారి గాలి లేవకముందే పని మొదలుపెట్టాలి. తోక మడిచి, చక్రం కదలకుండా తాడుతో టవరుకి కట్టేయాలి. పెట్టె మూత తీసే ముందు తట్టి చూడండి, కందిరీగలు కాపురం పెట్టి ఉంటాయి. నూతి కడ్డీని పెట్టె నుంచి విడదీయాలి. రెక్కలు తీసేటప్పుడు ఒక పక్కనుంచి వరసగా తీసుకుంటూ పోతే మిగిలిన పక్క బరువెక్కి, కట్టు వదిలిన క్షణంలో చక్రం గిర్రున తిరిగి మనిషిని కొడుతుంది. అందుకని ఒక రేకు ఇటు తీస్తే, దానికి సరిగ్గా ఎదుటి రేకు అటు తీయాలి. ఒక్కోదాని మీద పెయింటుతో నంబరు వేయాలి. తోక దగ్గరి స్ప్రింగు ఏళ్ల తరబడి సాగి బిగిసి ఉంటుంది, దాని ఎదురుగా మొహం పెట్టకూడదు. ఆఖర్న పెట్టెని టవరు నెత్తిన కట్టిన దూలానికి చైను కప్పీ వేసి దించాలి. ఈ పని తెలిసిన కలాసీలు మనవైపు ఉన్నారు. పడవ లాగినా, ఇంజను దించినా బరువు ఎటు వాలుతుందో వాళ్లకి చూపుతోనే తెలుస్తుంది. కొబ్బరి చెట్టెక్కే కుర్రాడైనా సరే, నడుముకి బెల్టు లేకుండా టవరెక్కించకండి. కరెంటు తీగ దగ్గరలో ఉంటే లైన్‌మన్ వచ్చి సరఫరా ఆపేదాకా నట్టు ముట్టుకోకండి.

సరే, దించాం, లారీ వచ్చింది. ఎక్కడ దింపుదాం?

తోట నడుమ అని మీరంటే నేను ఒప్పుకోను. మన కొబ్బరి చెట్టు అరవై అడుగులు. గాలిమర టవరు మామూలుగా ముప్ఫయి, ముప్ఫయ్యయిదు. చుట్టూ వంద మీటర్ల లోపున్న చెట్ల కంటే చక్రం కనీసం పదిహేను అడుగులు పైనుంటేనే దానికి నికరమైన గాలి తగులుతుంది. గాలి వేగం సగానికి పడిపోతే మరకి అందే శక్తి సగం కాదు, ఎనిమిదో వంతే. తోటలో మనకి చల్లగా తగిలే గాలి మరకి ఏ మూలకీ రాదు. తిత్లీ తుఫానుకి చెట్లు పడి ఖాళీ అయిన జాగాలు ఉన్నాయి కదా అంటారా? అక్కడ మళ్లీ మొక్కలు నాటేశాం. అవి ఎదిగిన నాడు మర వాటి మట్టల మధ్య చిక్కుకుంటుంది.

మరి దానికి తగిన చోటు తోటలు దాటాక, సముద్రం వైపు తెరిపిగా ఉన్న ఇసుక మెరకలు. వేసవిలో పైరగాలి, మధ్యాహ్నం తిరిగాక కడలి గాలి అక్కడ ఎదురులేకుండా వీస్తాయి. ఇంకో మేలు కూడా ఉంది. తీరంలో మంచినీళ్లు ఇసుకలో ఉప్పునీటి పైన పలచటి పొరలా నిలిచి ఉంటాయి. పెద్ద మోటారు పెట్టి ఒక్కసారిగా లాగితే కింది ఉప్పు పైకొస్తుంది. గాలిమర రోజంతా కొద్దికొద్దిగా తోడుతుంది, ఆ పొర చెదరదు. పక్కన ఒక తొట్టి కట్టుకుంటే రాత్రి వీచిన గాలి కూడా నీళ్లై పొద్దున్న కూరపాదులకి, కొబ్బరి మొక్కలకి అందుతుంది. వెనకటికి ఏతం తొక్కి నీళ్లు పోసిన పెద్దలకి ఆ తొట్టి విలువ ఎంతో తెలుసు. తాగునీటి మాట వేరు. ఇంత కిడ్నీ జబ్బు చూసిన నేల మీద తాగడానికి నూతినీళ్లు వాడమని నేను చెప్పను. దానికి హిరమండలం నుంచి పైపుల్లో వచ్చే వంశధార నీళ్లు 2023 డిసెంబరులో మొదలయ్యాయి, అవే తాగాలి.

ఇక తుఫాను. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తీరం దాటినప్పుడు గాలి గంటకి 140, 150 కిలోమీటర్లు. మర హాయిగా పనిచేసే గాలి పదిహేను కిలోమీటర్లు అనుకోండి. పదింతల వేగమంటే టవరు మీద తోపుడు నూరింతలు. తోక మడిచి ఊరుకుంటే ఆ దెబ్బకి నిలవదు. పైగా ఉప్పుగాలి బోల్టులని తినేస్తుంది. అందుకని మన తీరంలో ఎవరు గాలిమర ఎత్తినా రెండు కాళ్లకి మడతబందులు పెట్టించుకోవాలి. హెచ్చరిక రాగానే మిగిలిన రెండు కాళ్ల బోల్టులు విప్పి, ట్రాక్టరుతో తాడు పట్టి మెల్లగా నేలమీద పడుకోబెట్టేలా ఉండాలి. బోల్టులన్నీ కొత్తవి, జింకు పూతవి వేయాలి. పాత బోల్టు ఎంత గట్టిగా కనిపించినా మళ్లీ వాడకండి. తిత్లీకి కరెంటు స్తంభాలు వేలల్లో కూలి, తీగలు తిరిగి లాగేదాకా తోటల్లో మోటార్లు మూగబోయాయి. పడుకోబెట్టి కాపాడుకున్న గాలిమర తుఫాను వెలిసిన మర్నాడే లేచి నీళ్లు పోయగలదు.

కొత్తగా పంపు పెట్టుకునే రైతుకి ఇవాళ కొత్త గాలిమర కంటే సోలారే చవక, అదే పెట్టుకోండి. కానీ మీ చుట్టాల ఊళ్లోనో, మీరు ఉద్యోగం చేసే చోటో మోడువారిన గాలిమర ఒకటి కంటపడితే, తుక్కు కొనేవాడి కంటే ముందు మీరు వెళ్లి పెట్టె మూత తెరిచి చూడండి. పళ్లు అరక్కుండా ఉంటే బేరం ఆడండి. ఇక్కడ సముద్రం ఒడ్డున జాగా ఉంది, దాన్ని ఎత్తే మనుషులూ ఉన్నారు.