సెకనుకి 35 టిక్కులు

డూమ్ దేనిమీదైనా ఆడుతుందనేది ఇప్పుడొక పాత జోకు. కాలిక్యులేటర్ మీద ఆడించారు, ఏటీఎం మీద ఆడించారు, ప్రింటరుకుండే బుల్లి తెరమీద కూడా ఆడించారు. ఆడటం సరే, బాగా ఆడుతోందా అని మాత్రం ఎవరూ అడగరు. అసలు "బాగా" అంటే ఏమిటన్నది అంతకన్నా అడగరు. పోయినేడు నేను నాలుగైదు వారాంతాలు ఈ ప్రశ్నకే ఖర్చుపెట్టాను. ఇంట్లోవాళ్ళకి ఆటాడుతున్నట్టు కనిపించింది గానీ, నిజానికి ఆడిందానికంటే సెట్టింగులు మార్చిందే ఎక్కువ.

ఐడీ సాఫ్ట్‌వేర్ వాళ్ళు డూమ్‌ని విడుదల చేసింది 1993 డిసెంబర్ 10న. మొదటి ఎపిసోడ్ ఉచితం, ఎవరైనా ఎవరికైనా కాపీ చేసి ఇవ్వచ్చు. అలా ఫ్లాపీల మీద చేతులు మారుతూ మారుతూ 2000 ప్రాంతంలో తెనాలిలో మా బాబాయి ఫాక్స్‌ప్రో పాఠాలు చెప్పే కంప్యూటర్ సెంటర్ దాకా వచ్చింది. ఆఖరి బ్యాచ్ వెళ్ళిపోయాక ఆయన ఆడేవాడు, నేను పక్కన స్టూలు మీద కూర్చుని చూసేవాణ్ణి. ఆ మిషన్లో సౌండ్ కార్డ్ లేదు. కాబట్టి నా వరకు డూమ్ సంగీతం అనేదే లేదు, తుపాకీ పేలినా తలుపు తెరుచుకున్నా కేబినెట్ లోపలి స్పీకర్ కీచుమనడమే. ఇప్పుడు చాలామంది "అసలైన" సంగీతం కోసం తగవులాడుకుంటుంటే నాకు నవ్వొస్తుంది. బాబీ ప్రిన్స్ కట్టిన ఆ బాణీలు అప్పట్లోనే కార్డుని బట్టి వేరువేరుగా వినపడేవి. అడ్‌లిబ్ చిప్పు మీద రేకు డబ్బా మోగినట్టు, రోలాండ్ సౌండ్ కాన్వాస్ మీద బ్యాండ్ వాయించినట్టు. రెండూ అసలే. నా ఓటు రేకు డబ్బాకి.

కొత్త కంప్యూటర్ మీద మొదట ఎవరైనా పట్టుకునేది డాస్‌బాక్స్‌ని. అది ఆటని మార్చదు, ఆట చుట్టూ ఒక పాత మిషన్‌ని నటిస్తుంది. సైకిల్స్ అనే అంకె తక్కువైతే ఆట ఈడుస్తుంది, మరీ పెంచితే శబ్దం తెగుతుంది. ఆ అంకె ఎలాగో కుదిరాక కూడా నాకేదో తేడా కొట్టింది. రాక్షసులు పొట్టిగా, బొద్దుగా, ఎవరో నెత్తిమీద ఒక్కటిచ్చినట్టు ఉన్నారు.

కారణం చిన్నదే. డూమ్ బొమ్మ 320 అడ్డం, 200 నిలువు. ఆనాటి మానిటర్ల కొలత 4:3. అంటే ఆ 200 గీతలు తెర నిండా సాగి, 240 ఉంటే ఎంత ఎత్తొస్తుందో అంత ఎత్తులో కనపడేవి. పిక్సెల్ చదరంగా ఉండేది కాదు, నిలువుగా ఉండేది. బొమ్మలు వేసినవాళ్ళు ఈ సాగుడు చూసుకునే వేశారు. డాస్‌బాక్స్‌లో ఆస్పెక్ట్ అనే సెట్టింగ్ ట్రూ అని పెట్టకపోతే ఆ సాగుడు పోతుంది.

ఇక్కడ నాకు మాయాబజార్ గుర్తొచ్చింది. 1957 నాటి సినిమాకి 2010లో రంగులద్ది, సినిమాస్కోప్ కొలతకి మార్చి విడుదల చేశారు. రంగుల గురించి అందరం మాట్లాడుకున్నాం. చట్రం గురించి ఎంతమంది మాట్లాడారు? చదరానికి దగ్గరగా ఉన్న బొమ్మని అంత వెడల్పు తెరకి పట్టించాలంటే పైనో కిందో కోత తప్పదు. మార్కస్ బార్ట్‌లే కెమెరా పెట్టి ఎంత జాగా చూపించాలనుకున్నాడో అందులో ముక్క పోయినట్టే. రంగు ఇష్టం లేకపోతే టీవీలో కలర్ తగ్గించుకుని చూడొచ్చు. తెగిపోయిన ముక్కని ఎక్కణ్ణుంచి తెస్తాం?

అప్పట్నుంచీ డూమ్‌కి చేసే ప్రతి బాగుచేతనీ ఇదే ప్రశ్నతో చూడటం మొదలుపెట్టాను. ఇది పైపూతా, కోతా?

కదలికే తీసుకోండి. డూమ్ ప్రపంచం సెకనుకి 35 సార్లే ముందుకి జరుగుతుంది. ఒక్కో అడుగుని టిక్ అంటారు. ఆనాటి వీజీఏ తెర సెకనుకి 70 సార్లు గీసేది, అందులో సగం 35. ఇప్పటి మామూలు మానిటర్ 60 సార్లు గీస్తుంది. 60ని 35 సమంగా పంచుకోలేదు, అందుకే తిరిగినప్పుడల్లా గోడలు చిన్నగా కుదుపుతాయి. క్రిస్పీ డూమ్ అనే పోర్టు దీనికో మంచి ఉపాయం చేస్తుంది. రెండు టిక్కుల మధ్య ఖాళీలో నడిమి బొమ్మల్ని ఊహించి గీస్తుంది. ఆట లోపలి లెక్క మాత్రం 35 దగ్గరే ఉంటుంది. ఇది పైపూత. నాకు అభ్యంతరం లేదు, పైగా కళ్ళకి హాయి.

పోర్టులు ఇన్ని పుట్టడానికి కారణం 1997 డిసెంబర్లో జాన్ కార్మాక్ సోర్స్ కోడ్ బయటపెట్టడం. అయితే బయటికొచ్చింది డాస్ కోడ్ కాదు. డాస్ ఆటలో శబ్దానికి వాడిన లైబ్రరీ వేరేవాళ్ళది కావడంతో లైనక్స్ వెర్షన్ కోడ్ ఇచ్చారు. అంటే మూలప్రతి దొరకలేదు, దాని దగ్గరి చుట్టం దొరికింది. ఇక తాళపత్రాల పరిష్కర్తల్లాగే వీళ్ళలోనూ రెండు రకాలు తయారయ్యారు. తప్పు కనపడగానే దిద్దేసేవాళ్ళు కొందరు. జీజెడ్‌డూమ్ ఆ దారిలో చాలా దూరం వెళ్ళింది, అందులో పైకీ కిందకీ చూడొచ్చు, ఎగరొచ్చు, కొత్త ఆటలే కట్టుకోవచ్చు. రెండోరకం, సైమన్ హోవర్డ్ మొదలుపెట్టిన చాకొలెట్ డూమ్. ఇది డాస్ ఆటలోని తప్పుల్ని కూడా పనిగట్టుకుని తెచ్చి పెడుతుంది. దృశ్యంలో నేలలూ కప్పులూ మరీ ఎక్కువైతే పాత ఆట చేతులెత్తేసి ఆగిపోయేది, ఇదీ అక్కడే ఆగిపోతుంది. ఇంజనీరుగా నాకిది మొదట పిచ్చిగా అనిపించింది. తెలిసిన బగ్గుని ఎవడైనా తిరిగి రాస్తాడా?

ఎందుకు రాస్తారో బాబాయి ఫైలు తెరిచాక తెలిసింది.

బాబాయి 2011లో పోయాడు. ఆయన రికార్డు చేసిన డెమో ఒకటి ఫ్లాపీలోంచి సీడీకీ, సీడీలోంచి నా హార్డ్‌డిస్కుకీ వచ్చి పడి ఉంది. మొత్తం 18,214 బైట్లు. డూమ్ డెమో వీడియో కాదు. అందులో బొమ్మ లేదు, శబ్దం లేదు. మొదట 13 బైట్ల హెడర్. అందులో మొదటి బైటు 109, అంటే ఆట వెర్షన్ 1.9. తర్వాత ఒక్కో టిక్కుకి నాలుగు బైట్లు: ముందుకెంత, పక్కకెంత, ఎంత తిరిగాడు, ఏ బటన్ నొక్కాడు. చివర ముగింపు బైటు ఒకటి. లెక్కేస్తే 2 నిమిషాల 10 సెకన్ల పాటు ఆయన చేతులు చేసిన పని అది, అంతే. రాక్షసులు ఏం చేశారో అందులో రాసి లేదు. డూమ్‌లో యాదృచ్ఛికత అంటే 256 అంకెల మారని పట్టిక ఒకటి, వరసగా చదువుతూ పోతుంది. అదే ఆట, అవే మీటలు అయితే అవే రాక్షసులు అక్కడే చస్తాయి.

చాకొలెట్ డూమ్‌లో పెట్టాను. హ్యాంగర్ లెవెల్. ఆయన అలవాటుగా ఎడమకి తిరిగి మెట్లెక్కి పచ్చ కవచం తీసుకున్నాడు. గోడల్ని రాసుకుంటూ మలుపులు తిరిగే ఆ పద్ధతి ఆయనదే. క్రిస్పీలో పెట్టినా తేడా లేదు, తెర మాత్రం నున్నగా ఉంది.

తర్వాత ఊరుకోలేక సోర్సులో ఒక్క లైను చేర్చాను. లెవెల్ మొదలవగానే ఆ పట్టికలోంచి ఒక అంకెని ఊరికే తీసి పారేసే లైను. కంపైల్ చేసి అదే ఫైలు ఆడించాను. బాబాయి మెట్లెక్కాడు, కవచం తీసుకున్నాడు. అంతవరకూ బాగానే ఉంది. తర్వాత ఎదురైన సైనికుడికి గుండు తగల్లేదు. బాబాయి మాత్రం వాడు చచ్చిపోయాడన్న నమ్మకంతోనే ముందుకి నడిచాడు. వాణ్ణి ఢీకొని పక్కకి జరిగాడు. అక్కణ్ణుంచి ప్రతి మలుపూ ఒక అడుగు తప్పు. పచ్చటి విషంలోకి దిగి, గోడకి మొహం పెట్టి నడుస్తూ, ఎవరూ లేనిచోట తుపాకీ పేలుస్తూ ఉండిపోయాడు. నేను పూర్తిగా చూడలేదు. ఆ బిల్డ్‌ని తీసేశాను.

రోజూ ఆడుకోవడానికి నాకు క్రిస్పీయే ఇష్టం. మౌస్ పైకి తోస్తే మనిషి ముందుకి నడిచేసే పాత అలవాటుని కూడా ఆపేశాను, దాన్ని భరించడం నా వల్ల కాదు. కానీ ఆ డెమో ఉన్న ఫోల్డర్లో చాకొలెట్ డూమ్‌నీ, దాని సోర్సునీ కలిపి పెట్టాను. ఆట లేకపోతే ఆ ఫైలు ఉత్త అంకెలు.

సంక్రాంతికి తెనాలి వెళ్ళినప్పుడు లాప్‌టాప్‌లో పిన్నికి చూపించాను. ఆవిడకి ఆటలో ఏమీ అర్థం కాలేదు. "ఇదంతా మీ బాబాయేనా నడిపేది?" అని రెండుసార్లు అడిగింది. కవచం తీసుకున్నాక ఒకచోట మూడు సెకన్లు ఏ కదలికా ఉండదు. 105 టిక్కులు, ఫైల్లో వరసగా 420 సున్నాలు. పిన్ని అక్కడ తెరకేసి వంగింది.

"ఆగారేంట్రా?"

"ఎవరో పిలిచుంటారు పిన్నీ" అన్నాను. అప్పటికే ఆయన మళ్ళీ కదిలాడు.