సీటొస్తదా సార్?

మార్చిలో గేట్ ఫలితాలు రాగానే మా హుజూర్‌నగర్‌లో ట్రిపుల్ ఈ చదివిన పిల్లలు ఇద్దరో ముగ్గురో నా దగ్గరికి వస్తుంటారు. ఎలక్ట్రికల్ పాఠాలు చెప్పి రిటైరైన మనిషిని కాబట్టి, ఎంటెక్ సీటు ఎక్కడ వస్తుందో నాకు తెలుస్తుందని వాళ్ల నమ్మకం. తెలిసినంతలో చెబుతూ వచ్చాను. ఆ చెప్పడంలో ఎంత బరువుందో మాత్రం ఒక తండ్రి ప్రశ్న వల్ల ఆలోచించాను.

ఆయనకు మోటారు వైండింగ్ షాపు ఉంది. కొడుకుతో కలిసి వచ్చాడు. అబ్బాయికి వరంగల్ ఎన్‌ఐటీలో పవర్ సిస్టమ్స్ చదవాలని కోరిక. స్కోరు కిందటేడు కటాఫ్ కన్నా కాస్త తక్కువ. ఇక్కడ రాకపోతే పొలం తాకట్టు పెట్టి అమెరికా పంపాలని ఇంట్లో అనుకుంటున్నారు. “మావోనికి సీటొస్తదా సారూ? ఉన్నదున్నట్టు చెప్పుండ్రి” అన్నాడాయన. అబ్బాయి తల దించుకుని మార్కుల కాగితాలు సర్దుతున్నాడు.

అంకెల సంగతి నాకు కొత్త కాదు. మూడు గంటలు, 65 ప్రశ్నలు, 100 మార్కులు. ఆ మార్కులను వెయ్యికి లెక్కగట్టే స్కోరుగా మారుస్తారు. అర్హత మార్కు తెచ్చుకున్నవాడికి 350, అందరికన్నా పైన నిలిచిన కొద్దిమంది సగటుకు 900, మిగతావాళ్లంతా ఆ కొలత మీదే ఎక్కడో ఒకచోట. అంటే మన స్కోరులోనే పక్కవాడి పరీక్ష కలిసి ఉంటుంది. ఇక కటాఫ్ అంటే కిందటేడు చివరి సీటు ఎవరికి దక్కిందో ఆ మనిషి స్కోరు. అతని పైవాళ్లు కొందరు ఐఐటీలకు, కొందరు ప్రభుత్వరంగ సంస్థల ఉద్యోగాలకు పోయి ఉంటారు. ఈసారి ఎందరు పోతారో ఎవరు చెప్పగలరు? స్కోరు మూడేళ్లు చెల్లుతుంది కనుక పాతవాళ్లూ వరుసలో ఉంటారు.

ఇవన్నీ చెప్పాను. రావచ్చు, రాకపోయే అవకాశమే ఎక్కువ అన్నాను. అది నిజమే. కానీ వాళ్లు వెళ్లిపోయాక మనసు కుదుటపడలేదు. పదిమందిలో ముగ్గురికి వస్తుందనుకుంటే ఆ లెక్క పదిమందికి పనికొస్తుంది. ఈ ఒక్క అబ్బాయికి దాంతో ఏం పని? ఆశ పెట్టి మాట్లాడితే పొలం మీద అప్పు పడుతుంది, అంకెలే చదివి వినిపిస్తే ఇరవై రెండేళ్ల కుర్రవాడు తన విలువ అంతేననుకుంటాడు. మన పిల్లల గురించి ఎవరైనా ఇలాగే తేల్చి చెబితే మనం ఒప్పుకుంటామా?

తర్వాత ఒకరోజు అటు వెళుతూ షాపు ముందు ఆగాను. అబ్బాయి ఒక స్టేటర్ ముందేసుకుని కూర్చున్నాడు. మాడిన వార్నిష్ వాసన ముక్కుకు తగులుతోంది. ఒక ఫేజు కాయిళ్లే బొగ్గులా నల్లబడ్డాయి, మిగతా రెండూ రాగి రంగు పోకుండా ఉన్నాయి. “డెల్టా సార్. లైన్లో ఒక ఫేజు పోయింది, ఒక్క వైండింగ్ మీదే లోడంతా పడ్డది. స్టారైతే రెండు మాడి ఒకటి మిగులుతుండె” అన్నాడు. పుస్తకంలో ఉన్నదే, కానీ అతను వేలితో చూపించి చెప్పాడు. అంతటితో ఆగలేదు. 2018 జనవరి నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు వచ్చినప్పుడు ఆటోస్టార్టర్లు తీసేయమని రైతులకు చెప్పిన సంగతి ఎత్తి, అవి ఉంటే ఏమవుతుందో వివరించాడు. కరెంటు పోయి తిరిగి రాగానే ఒక ట్రాన్స్‌ఫార్మర్ కింద ఉన్న మోటార్లన్నీ ఒక్కసారే లేస్తాయి, ఒక్కోటి మామూలు కన్నా ఐదారు రెట్లు కరెంటు లాగుతుంది, వోల్టేజీ పడిపోతుంది. “ఆ కొద్ది సెకన్లలో ఫీడర్ మీద ఏం జరుగుతదో సరిగ్గా కొలవాలని ఉంది సార్” అన్నాడు.

నా దగ్గరికి వచ్చిన రోజు అతను ఇదంతా చెప్పలేదు. నేనూ అడగలేదు, ఆ రోజు మాటంతా స్కోరు చుట్టూనే తిరిగింది కదా. అక్కడ నిలబడి ఉండగానే ఒకటి తట్టింది. ఫలానా కోర్సుకు పెట్టిన ఫలానా దరఖాస్తుకు అవకాశం ఎంతో లెక్క వేయవచ్చు. మనిషికి వేసే లెక్క లేదు. దరఖాస్తులు మారిస్తే లెక్కే మారుతుంది. స్కోరు ఒక్కటే చూసే చోట్లున్నాయి. ఐఐటీల్లో రీసెర్చ్ ఎంఎస్ లాంటి వాటికి ఇంటర్వ్యూకి పిలిచి మాట్లాడించి చూస్తారు. అమెరికా విశ్వవిద్యాలయాలు ఏం చదవాలనుకుంటున్నావో, ఎందుకో రాసి పంపమంటాయి. అక్కడి చదువును నేనేమీ కాదనను. ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రానికి పేరైన నార్ల తాతారావు గారు షికాగోలో మాస్టర్స్ చదివి వచ్చి మన విద్యుత్తు బోర్డును నడిపినవారే. అయితే ఆ చదువు అప్పుతో చేయాల్సి వస్తే, ఆ అప్పు మాట తండ్రి ఎదుటే, వడ్డీతో సహా మాట్లాడుకోవాలి.

ముగ్గురం కూర్చుని దరఖాస్తుల జాబితా మళ్లీ రాశాం. వరంగల్ తీసేయలేదు, పైనే ఉంచాం. ఇంటర్వ్యూ పెట్టే చోట్లు కలిపాం. రాష్ట్రంలోని కాలేజీల కోసం పీజీఈసెట్ దారీ ఉంచాం. అమెరికా మరుసటేడు చూద్దామన్నాడు తండ్రి.

వరంగల్ రాలేదు. ఒకచోట ఇంటర్వ్యూలో సగం సేపు మోటార్ల గురించే అడిగారట. సంబరంగా చెప్పాడు కానీ అక్కడా ఎంపిక కాలేదు. ఆఖరి రౌండులో దూరాన ఒక ఎన్‌ఐటీలో సీటొచ్చింది, వెళ్లాడు. నేను చెప్పిన అంచనా సరైనదేనా అంటే, ఏ అంచనా అని ఎదురడగాల్సి వస్తుంది.

ఇప్పుడు ఎవరొచ్చినా ముందు నీకేం తెలుసుకోవాలని ఉందని అడుగుతున్నాను. కొందరి దగ్గర జవాబు ఉండదు. ఆ వయసులో నా దగ్గరా ఉండేది కాదేమో, అందుకే తొందరపెట్టను. మొన్న కోదాడ నుంచి వచ్చిన అమ్మాయి, ఇళ్ల మీద సోలార్ పలకలు పెరిగితే లైను చివరి ఇళ్లలో మధ్యాహ్నం వోల్టేజీ ఎంత పెరుగుతుందని తిరిగి నన్నే అడిగింది. దాని మీద పనిచేసే ల్యాబు ఏ డిపార్ట్‌మెంట్‌లో ఉందో ఇద్దరం వెతుకుతున్నాం. స్కోరెంతో ఇంకా అడగలేదు, ఆదివారం వచ్చినప్పుడు అడగాలి.