మోసపుటుత్తరములు – మన కర్తవ్యము

మోసము లోకమునకు క్రొత్త కాదు. పందొమ్మిదవ శతాబ్దమునందే, స్పెయిను దేశపు చెరసాలలో ధనికుడొకడు బంధింపబడియున్నాడనియు, అతని విడుదలకు కొంచెము సొమ్ము పంపినచో గొప్ప ధనములో భాగమిచ్చుననియు చెప్పు నుత్తరములు విదేశములలోని గృహస్థులకు తపాలాలో వచ్చుచుండెను. ఆ యుత్తరమునకు తపాలా బిళ్ల కావలసియుండెను, చేతితో వ్రాయవలసియుండెను. నేటి ఈమెయిలునకు బిళ్లయు లేదు, శ్రమయు లేదు. 1978 మే నెలలో అమెరికాలో కంప్యూటరు వర్తకుడొకడు కొన్ని వందలమందికి ఒక్కసారిగా ప్రకటన పంపెను. అడుగనివారికి మూకుమ్మడిగా పంపబడిన తొలి ఈమెయిలు అదియే యందురు. లక్షమందికి వల వేసి పదిమంది చిక్కినను మోసగానికి లాభమే.

ఇట్టి పిలువని యుత్తరములలో రెండు తెగలు గలవు. మొదటివి కేవలము ప్రకటనలు. ఇవి యీగలవలె విసిగించును గాని కుట్టవు. రెండవవి మన బ్యాంకు పేరనో, ప్రభుత్వ కార్యాలయము పేరనో వచ్చి రహస్యసంఖ్యలను లాగుకొనును. వీనిని ‘ఫిషింగు’ అందురు. ఈ రెండవ తెగనుగూర్చియే మేము విద్యార్థులతోను, వారి తల్లిదండ్రులతోను నాలుగు మాటలు చెప్పగోరుచున్నాము.

గడచిన విద్యాసంవత్సరమున మా తరగతిలోని బాలిక యొకతెకు విద్యార్థివేతనము మంజూరైనదని ఒక ఈమెయిలు వచ్చెను. ఆమె తండ్రి తాపీపని చేయువారు. అందలి లింకు నొక్కగా బ్యాంకుదానివలె కన్పట్టు పుట తెరువబడెను. దరఖాస్తు రుసుము కొఱకని కార్డు వివరములును, ఫోనునకు వచ్చిన ఓ.టి.పి.యు అందు నింపిరి. వసతిగృహమునకు కట్టుటకై కూడబెట్టిన 18,000 రూపాయలు నిమిషములలో పోయెను. ఆయన 5 దినములు ఆ సంగతి యెవ్వరితోను చెప్పలేదు. బాలిక పాఠములందు మనసు నిలుపకుండుట చూచి మేము వారి యింటికి పోయి యడిగితిమి. “ఏం చెప్పమంటారు మాస్టారూ? నలుగురూ నవ్వుతారని నోరు మూసుకున్నాను” అనిరి. వెంటనే ఆయనతో బ్యాంకునకు పోయి ఫిర్యాదు వ్రాయించితిమి గాని, అప్పటికే ఆ సొమ్మును దొంగలు నగదుగా తీసికొనియుండిరి. అంతకంటె బాధాకరమైన దేమనగా, ఆ 5 దినములలోనే అట్టి యుత్తరము ఆ వీధిలోని మఱి రెండిండ్లకు వచ్చెను. ఒక యింటివారు సొమ్ము కట్టిరి. మొదటి దినముననే ఈ సంగతి వీధిలో తెలిసియున్నచో ఆ యిల్లు మోసపోకయుండెడిది. ఇచ్చట దొంగకు తోడ్పడినది అజ్ఞానము మాత్రమే కాదు, సిగ్గు. ఆ సిగ్గునకు కారణము, నవ్వుటకు సిద్ధముగా నుండు లోకము.

పూర్వము భాషాదోషములను బట్టి మోసపుటుత్తరమును పోల్చుకొనుట సులభముగా నుండెను. నేడు యంత్రములే దోషములేని భాష వ్రాయుచున్నవి గనుక ఆ గురుతు చాలదు. మిగిలిన గురుతులు మూడు: తొందరపెట్టుట, భయపెట్టుట లేక ఆశపెట్టుట, రహస్యసంఖ్యనో, ముందుగా సొమ్మునో అడుగుట. పంపినవారి పేరును నమ్మక, చిరునామాలో ‘ఎట్’ గుర్తునకు తరువాతి భాగమును శ్రద్ధగా చదువవలెను. సందేహము కలిగినచో ఉత్తరములోని లింకు నొక్కక, పాసుపుస్తకముమీది సంఖ్యకు ఫోను చేసి యడుగవలెను.

అట్టి యుత్తరమునకు బదులు వ్రాయరాదు. ఎఱుగనివాడు పంపినదానిలో ‘ఇకమీదట పంపవద్దు’ అను మీటను సైతము నొక్కరాదు. నొక్కినచో ఆ చిరునామాను చూచువారు కలరని వానికి తెలియును. జీమెయిలు మొదలగువానిలో ‘రిపోర్ట్ స్పామ్’, ‘రిపోర్ట్ ఫిషింగ్’ అను మీటలు గలవు. ఊరక చెరిపివేసినచో మన వాకిట చెత్త మాత్రమే పోవును. రిపోర్టు చేసినచో అట్టివి యితరుల వాకిళ్లకు చేరకుండ ఆపుటకు ఆ సంస్థకు సాయమగును.

సొమ్ము పోయినచో క్షణమైనను ఆలసింపక 1930 అను సంఖ్యకు ఫోను చేయవలెను. దొంగలు సొమ్మును ఖాతానుండి ఖాతాకు త్రిప్పుచుందురు. నగదుగా తీయకమునుపే ఫిర్యాదు చేరినచో దానిని ఉన్నచోటనే నిలిపివేయుటకు బ్యాంకులకు వీలు కలుగును. పిమ్మట మన బ్యాంకునకు తెలిపి కార్డు నాపించి, సైబర్‌క్రైమ్.గవ్.ఇన్ అను ప్రభుత్వ వెబ్‌సైటునందు ఫిర్యాదు వ్రాయవలెను. ఆ యుత్తరమును చెరిపివేయరాదు. అది వచ్చిన మార్గపు జాడలు దానియందే యుండును గనుక అదియే సాక్ష్యము. రహస్యసంఖ్యను మనమే చెప్పివేసినను, బ్యాంకునకు తెలిపిన పిమ్మట కలుగు నష్టమును బ్యాంకే భరింపవలెనని 2017లో రిజర్వు బ్యాంకు నిర్దేశించెను. పోయిన సొమ్ము రప్పించెదమని రుసుమడుగుచు వచ్చు రెండవ యుత్తరమును ఎంతమాత్రము నమ్మరాదు, అదియును మోసమే.

విద్యార్థులారా! అనేక గృహములలో ఫోనును చక్కగా చదువగలవారు మీరే. మీ పెద్దలు మోసపోయినపుడు “ఎందుకు నొక్కినారు?” అని యడుగకుడు, “ఎప్పుడు జరిగినది?” అని యడుగుడు. మొదటి ప్రశ్న సిగ్గును పెంచును. రెండవది సొమ్మును కాపాడవచ్చును. అటుపిమ్మట ఇరుగుపొరుగులకు చెప్పుడు. ఒక యింట జరిగిన నష్టము వీధికంతకును హెచ్చరిక యగునట్లు చేయుట చదువుకొన్నవారి ధర్మము.