సెట్టింగులు ఎవరు మార్చారు?

4 నవంబర్ 2024, సోమవారం

కార్తీకంలో మొదటి సోమవారం. పంజాగుట్ట ఆఫీసుకి చేరేసరికే సంపాదకులు గారు నా కుర్చీ పక్కన నిలబడి ఉన్నారు.

"ఏమ్మా, తెల్లవారుజామున ఐదింటికి రావాల్సిన వ్యాసం ఇంకా రాలేదే? పొద్దెక్కాక దీపారాధన విధానం ఎవరికి కావాలి?"

పదిన్నరకి దానంతట అదే వచ్చింది. ఐదున్నర గంటల తేడా కనబడితే మన దేశంలో వెబ్ పని చేసేవాళ్లెవరూ ఎక్కువ వెతకక్కర్లేదు. మా సైటు గడియారం యూటీసీలో ఉంది. ఐదింటికి అని పెట్టిన వ్యాసం గ్రీన్విచ్‌లో ఐదయ్యాక బయటికొచ్చింది.

అలా ఎందుకుందో సాయంత్రానికి తేలింది. దసరా ముందు సైటును కొత్త సర్వర్‌కి మార్చే పని బయటివాళ్లకి ఇచ్చారు. వాళ్లు వర్డ్‌ప్రెస్‌ని కొత్తగా ఇన్‌స్టాల్ చేసి, పాత వ్యాసాలను ఎక్స్‌పోర్ట్ ఫైలుతో దించుకున్నారు. ఆ ఫైల్లో వ్యాసాలు, వర్గాలు, రచయితల పేర్లు వస్తాయి. సెట్టింగులు రావు. వాటిని చేత్తో మళ్లీ పెట్టాలి. గుర్తున్నవి పెట్టారు, గుర్తులేనివి వదిలేశారు. ఏవి పెట్టారు, ఏవి వదిలారు అని రాసుకున్న కాగితం ముక్కైనా లేదు.

5 నవంబర్, మంగళవారం

నాగులచవితి. ఆఫీసు సగం ఖాళీ. ఇలాంటి పనికి మంచి రోజు.

ముందు డేటాబేస్ బ్యాకప్. తర్వాత డబ్ల్యూపీ-సీఎల్‌ఐ అనే కమాండ్ల సాధనంతో టైమ్‌జోన్‌ని ఆసియా/కోల్‌కతాకి మార్చడం ఒక్క లైను పని. అసలు చిక్కు ఆ తర్వాతే. వర్డ్‌ప్రెస్ ప్రతి వ్యాసానికీ రెండు వేళలు దాచుకుంటుంది, ఒకటి స్థానికం, రెండోది గ్రీన్విచ్. టైమ్‌జోన్ మార్చినంత మాత్రాన, ఇప్పటికే వేళ పెట్టి ఉంచిన వ్యాసాల గ్రీన్విచ్ వేళ మారదు. జాబితాలో చూస్తే ఉదయం 5:00 అనే కనిపిస్తుంది, అందరూ హమ్మయ్య అనుకుంటారు, వ్యాసం మాత్రం మళ్లీ పదిన్నరకే వస్తుంది. స్థానిక వేళ ఒక్కటే దిద్దినా లాభం లేదు, పాత గ్రీన్విచ్ వేళ అలాగే ఉండిపోతుంది. రెండూ కలిపి దిద్దాలి. ఇక్కడ తెల్లవారి 5:00 అంటే అక్కడ ముందురోజు రాత్రి 23:30.

కార్తీకమాసం వ్యాసాలన్నీ ఇలా క్యూలో ఉన్నాయి. ఒక్కొక్కటీ తెరిచి దిద్దితే ఎక్కడో ఒకటి తప్పుతుంది. అందుకే చిన్న స్క్రిప్టు: వేళ పెట్టిన వ్యాసాలన్నీ తీసుకో, పాత వేళ, కొత్త వేళ పక్కపక్కన చూపించు, నేను సరే అంటేనే మార్చు. ఆ జాబితా ప్రింటు తీసి సంపాదకులు గారికి ఇచ్చాను. ఆయన ఎర్ర పెన్నుతో ప్రూఫులు దిద్దినట్టే దిద్దారు. ఒక వ్యాసాన్ని ద్వాదశి నుంచి ఏకాదశికి జరిపారు కూడా.

ఇంకో సంగతి. వర్డ్‌ప్రెస్ తనంతట తాను వేళ చూసుకోదు. ఎవరైనా పేజీ తెరిస్తే అప్పుడు లేచి, పెండింగ్ పనులున్నాయా అని చూస్తుంది. మా సైటు ముందు పేజీల కాపీలు దాచే క్యాష్ ఉంది, తెల్లవారుజామున పాఠకులు వచ్చినా పేజీ క్యాష్ నుంచే వెళ్లిపోతుంది, వర్డ్‌ప్రెస్ లేవదు. కాబట్టి ఆ సొంత పద్ధతి ఆపేసి, ఐదు నిమిషాలకోసారి సర్వర్‌లోని క్రాన్ అనే టైమర్ తట్టి లేపేలా పెట్టాను.

9 నవంబర్, శనివారం

అమీర్‌పేటలో నేను పాఠం చెప్పే వీకెండ్ బ్యాచ్. మైత్రివనం నుంచి ఆదిత్య ఎన్‌క్లేవ్ దాకా బోర్డులు మళ్లీ మారాయి, ఇప్పుడన్నిటి మీదా ఏఐ. లోపల మెటీరియల్ మాత్రం స్క్రీన్‌షాట్ల జిరాక్సే: ఈ మెనూ నొక్కు, ఆ గడిలో టిక్ పెట్టు. కొత్త వెర్షన్‌లో మెనూ చోటు మారితే ఆ పుస్తకం చిత్తు కాగితమే.

పాలమూరు నుంచి వచ్చిన అమ్మాయి అడిగింది. "మేడమ్, మౌస్‌తో అయ్యే పనికి ఈ స్క్రిప్టులన్నీ ఎందుకు?"

"ఒక్క సైటైతే మౌస్ చాలు. కానీ ఆర్నెల్ల తర్వాత ఎవరు ఎందుకు మార్చారో మౌస్ చెప్తుందా?" అన్నాను. తలూపింది గానీ ఒప్పుకోలేదని ముఖం చూస్తేనే తెలుస్తోంది. పరీక్షలో రాని ప్రశ్నకి అంతకన్నా గౌరవం దొరకదు.

టీ దగ్గర మా సీనియర్ కలిశారు. ఆయన ఈ సందుల్లోనే షేర్‌పాయింట్ 2007 నేర్చుకున్నారు. మైక్రోసాఫ్ట్ తన పాత కంటెంట్ మేనేజ్‌మెంట్ సర్వర్‌ని అందులో కలిపేసింది, పబ్లిషింగ్ అనే మాట షేర్‌పాయింట్‌లోకి అలా వచ్చింది. ఒక్కో సబ్‌సైట్‌లో ఏ పేజీ లేఅవుట్లు వాడనివ్వాలో విడివిడిగా టిక్కులు పెట్టాలి. వందల సబ్‌సైట్లున్న కంపెనీలో అదే ఒక ఉద్యోగం. 2010 వెర్షన్‌తో పవర్‌షెల్ వచ్చాక అదంతా ఒక లూప్ అయింది. "చివర్లో అప్‌డేట్ పిలవకపోతే మాత్రం స్క్రిప్టు ఎర్రర్ లేకుండా నడుస్తుంది, ఏమీ సేవ్ కాదు" అని నవ్వారు. అందుకే మార్చాక మళ్లీ చదివి చూడటం స్క్రిప్టులో భాగమే అంటారాయన. ఈ మాట బోర్డు మీద రాయదగ్గది.

13 నవంబర్, బుధవారం

ఇవాళ లింకుల గొడవ. శీర్షిక తెలుగులో ఉంటే లింకు ముక్క కూడా తెలుగులోనే తయారవుతుంది. డేటాబేస్‌లో ఒక్కో తెలుగు అక్షరచిహ్నం, గుణింతం గుర్తు సహా, తొమ్మిది గుర్తులుగా మారి కూర్చుంటుంది. ఆ గడికి హద్దు 200. 'కార్తీక పౌర్ణమి విశేషాలు' లెక్క వేస్తే సరిగ్గా 200. నాలుగో మాటకు చోటే లేదు, నిర్దాక్షిణ్యంగా కత్తిరిస్తుంది. వాట్సాప్‌లో పంపితే చాలాచోట్ల శాతం గుర్తుల బారు తప్ప ఏమీ కనబడదు.

తెలుగు లింకులు ఉండాల్సిందే అని సంపాదకులు గారి పట్టుదల. నాకూ ఇష్టమే, కానీ సగంలో తెగిన తెలుగు కంటే పొట్టి ఇంగ్లీషు లిపి నయం. రాజీ కుదిరింది: శీర్షిక తెలుగు, లింకు రోమన్ లిపిలో రెండు మూడు మాటలు. అచ్చయిన వ్యాసాలకు మార్చినా భయం లేదు, వర్డ్‌ప్రెస్ పాత లింకుని గుర్తుంచుకుని కొత్తదానికి మళ్లిస్తుంది.

18 నవంబర్, సోమవారం

సెట్టింగులన్నీ పెట్టే స్క్రిప్టు రాసి, మార్పుల చరిత్ర దాచే గిట్‌లో పెట్టాను. టైమ్‌జోన్, లింకుల పద్ధతి, క్రాన్, అన్నిటికన్నా పైన సెర్చ్ ఇంజిన్లకు సైటు కనిపించాలా వద్దా అన్న ఆ ఒక్క టిక్కు. ప్రయోగాల సైటులో దాచిపెట్టు, అసలు సైటులో చూపించు అని విడివిడిగా రాశాను. ప్రయోగాల కాపీని అసలుదిగా మార్చినప్పుడు జారిపడే టిక్కు అదే. ప్రతి లైను పక్కనా ఎవరడిగారో, ఎందుకో తెలుగులోనే వ్యాఖ్య. రెండోసారి నడిపినా ఫలితం అదే వస్తోంది.

ఇకమీదట అడ్మిన్ లాగిన్ ఇద్దరికే. మిగిలినవాళ్లంతా ఎడిటర్లు, వాళ్లకి సెట్టింగుల మెనూ కనిపించదు.