ఖాళీ చేసే ముందు



వచ్చే నెలాఖరుకి ఇల్లు ఖాళీ చేస్తున్నాను. హైదరాబాద్ విద్యానగర్‌లో మూడో అంతస్తు. రెండు గదులు, ఒక వంటగది, ఇద్దరు నిలబడితే మూడో మనిషికి చోటుండని బాల్కనీ. పన్నెండేళ్లు ఉన్నాను. అద్దె ఇల్లే, అయినా నాకు ప్రాణం. "ఉద్యమాల్లో తిరిగేదానివి, ఫ్లాట్ మీద ఇంత మమకారమేంటక్కా?" అని ఒక తమ్ముడు నవ్వాడు. వాడి కోసమే ఇవాళ్టి రాత.

ఈ ఇల్లు దొరకడానికి ముందు పదకొండు ఇళ్లు చూశాను. టు-లెట్ బోర్డు చూసి బెల్లు కొడితే ముందు ఒక నవ్వు. తర్వాత "ఏ ఊరమ్మా?" తర్వాత "ఇంటిపేరు?" అప్పటికీ తేలకపోతే "మేం గుడ్డు కూడా ముట్టమండీ." సూటిగా కులం అడిగినవాళ్లు ఇద్దరే. ఒకచోట అడ్వాన్సు తీసుకుని, మర్నాడు పిలిచి, "మా ఆడపడుచు వాళ్లు దిగుతున్నారు" అని డబ్బు తిరిగి చేతిలో పెట్టారు. ఆ బోర్డు ఇంకో రెండు నెలలు అక్కడే వేలాడింది. రోజూ దాని కిందనుంచే బస్టాపుకి నడిచేదాన్ని.

మా ఓనరమ్మ రిటైరైన టీచరు. ముస్లిం. "అయిదో తారీఖులోపు అద్దె ఇస్తావా? నీళ్లు వృథా చెయ్యవు కదా?" అని రెండే అడిగారు. దిగిన మొదటి ఆదివారం పెద్దకూర వండాను. కిటికీలు మూయలేదు. ఆ వాసన మెట్ల దాకా పోయినా ఎవరూ తలుపు కొట్టలేదు. ఆ రోజు అన్నం తింటూ ఎందుకు ఏడ్చానో చాలాకాలం నాకే అర్థం కాలేదు.

నీళ్ల సంగతీ చెప్పాలి. మా అమ్మ ఊరి బావి దగ్గర బిందె కింద పెట్టి, ఎవరో ఒకరు వచ్చి తోడి పోసేదాకా ఎండలో నిలబడేదట. ఇక్కడ రోజు విడిచి రోజు వచ్చే మంజీరా నీళ్లకి అందరం ఒకే మోటారు శబ్దం కోసం చెవులొగ్గుతాం. నా కుళాయి తిప్పేది నేనే. మమకారం అన్నావు చూడు తమ్ముడూ, అది గోడల మీద కాదు, ఆ కుళాయి మీద.

బాబాసాహెబ్‌కే ఇల్లు దొరకలేదు. 1917లో కొలంబియా చదువు పూర్తి చేసి బరోడా సంస్థానంలో ఉద్యోగానికి వెళితే, పార్సీ పేరు పెట్టుకుని వాళ్ల సత్రంలో ఉండాల్సి వచ్చింది. పదకొండో రోజున కర్రలతో వచ్చి వెళ్లగొట్టారు. హిందూ మిత్రుడు, నువ్వొస్తే మా పనివాళ్లు వెళ్లిపోతారన్నాడు. క్రైస్తవ మిత్రుడు భార్యనడిగి చెబుతానన్నాడు. రైలు టైమయ్యేదాకా ఆయన పార్కులో కూర్చున్నారు. తర్వాత ముంబై దాదర్‌లో రాజగృహ కట్టుకున్నప్పుడు పుస్తకాలకి అంత చోటు ఎందుకిచ్చారో, పార్కులో కూర్చున్న ఆ సాయంత్రాన్ని తలుచుకుంటే నాకు తెలుస్తుంది.

లా చదివే పిల్లలు ఇది గుర్తుపెట్టుకోండి. 1955 నాటి పౌరహక్కుల పరిరక్షణ చట్టం నాలుగో సెక్షన్‌లో, అంటరానితనం కారణంగా ఏ ప్రాంతంలోనైనా నివాసం ఉండనివ్వకుండా అడ్డుకోవడం కూడా నేరమే అని ఉంది. కానీ "ఆడపడుచు వస్తోంది" అన్న మాటని ఏ సాక్షితో రుజువు చేస్తాం? నేనూ వకీలునే. నా పదకొండు ఇళ్లలో ఒక్కదాని మీదా కేసు పెట్టలేకపోయాను.

ఈ ఇల్లేమీ స్వర్గం కాదు. మా అపార్ట్‌మెంటుకీ ఒక పల్లె ఉంది, సెల్లార్‌లో, మోటారు పక్క గది. పాలమూరు నుంచి వచ్చిన వాచ్‌మన్ కుటుంబం అందులో ఉంటుంది. వాళ్లు లిఫ్ట్ ఎక్కకూడదని ఒక మీటింగులో తీర్మానం పెట్టారు. నేను కాదన్నాను. అద్దెకున్నవాళ్లకి ఓటు లేదన్నారు. తీర్మానం నెగ్గింది. వాళ్ల పాప పదో తరగతి. రోజూ సాయంత్రం మూడంతస్తులు మెట్లెక్కి వచ్చి నా బల్ల మీద లెక్కలు చేసుకుంటుంది. వెళ్తున్నానని ఆ పిల్లకి చెప్పడానికి నాకు పది రోజులు పట్టింది. "బల్ల కూడా తీస్కపోతవా అక్కా?" అంది.

మరి ఎందుకు వెళ్తున్నాను? నాన్న పోయాక అమ్మ తెనాలి దగ్గర మా పల్లెలో ఒక్కతే ఉంది. తీసుకొస్తే నెల రోజులు కూడా ఉండలేదు. "తలుపు తీస్తే ఎదురుగా ఇంకో తలుపే. నేనుండలేనమ్మే" అని బస్సెక్కింది.

అమ్మ ఒక్కటే కారణమైతే ఇంకా వాయిదా వేసేదాన్నేమో. అసలు కారణం భూమి. పల్లెలో చాలామందికి అర ఎకరం, ఎకరం అసైన్డ్ భూమి ఉంది. 1977 చట్టం ప్రకారం దాన్ని అమ్మినా కొన్నా చెల్లదు. 2023లో చట్టం మార్చి, ఇరవై ఏళ్లు నిండిన భూముల మీద అసలు పట్టాదారుకి, వారసులకి అమ్ముకునే హక్కు ఇచ్చారు. హక్కు మంచిదే. కానీ హక్కుతోపాటే బ్రోకర్లూ వచ్చారు. మా పక్కింటి పెద్దమ్మ చేతిలో ఇరవై వేలు పెట్టి తెల్లకాగితం మీద వేలిముద్ర వేయించుకుపోయారు. ఆమె డీ-ఫారం పట్టా ఇప్పుడు ఎవరి దగ్గరుందో ఆమెకే తెలియదు. ఫోన్‌లో చెబితే తేలే పని కాదు ఇది. ఒక్కో ఇంటికీ వెళ్లి, ట్రంకు పెట్టె తీయించి, కాగితం చదివి చెప్పాలి. తెనాలి కోర్టులో ప్రాక్టీసు పెట్టుకుంటాను.

"ఊళ్లు వదలమన్నది బాబాసాహెబే కదా, నువ్వు వెనక్కి పోతున్నావేంటి?" అని అడిగారు కొందరు. న్యాయమైన ప్రశ్నే. 1948 నవంబర్ 4న రాజ్యాంగ సభలో ఆయన గ్రామాన్ని ఎంత కటువుగా విమర్శించారో నాకూ తెలుసు. రాత్రుళ్లు నన్ను నేను అడుక్కున్నదీ అదే.

1985లో కారంచేడు నుంచి మనవాళ్లు చీరాల చేరారు, అక్కడే కాలనీ కట్టుకున్నారు, ఆ ఊరికి తిరిగి పోలేదు. 1991లో చుండూరు నుంచి తెనాలికి పరుగెత్తినవాళ్లు మాత్రం తమ శవాలను తీసుకెళ్లి ఆ ఊరి నడిబొడ్డునే పూడ్చారు. ఆ నేలని రక్తక్షేత్రం అన్నారు. ప్రత్యేక కోర్టు చుండూరులోనే పెట్టించుకున్నారు. 2007లో శిక్షలు పడ్డాయి, 2014లో హైకోర్టు అందరినీ వదిలేసింది. అయినా రక్తక్షేత్రం అక్కడే ఉంది. పోనివాళ్లూ తప్పు చేయలేదు, పోయినవాళ్లూ తప్పు చేయలేదు. ఎక్కడుండాలో తామే తేల్చుకున్నారు. నేను ఊరి పెత్తనం కిందికి పోవడం లేదు, మా పల్లెకి పోతున్నాను. ఈ పన్నెండేళ్ల కుళాయి అలవాటుతో పోతున్నాను. ఇక ఏ బావి దగ్గరా నిలబడలేను.

భయం లేదని చెప్పను. రాత్రి తాళం వేసుకుని, నా పేరు ఎవరికీ చెప్పక్కర్లేని ఈ నిశ్శబ్దం అక్కడ దొరకదు. నిన్న బాల్కనీలో కరివేపాకు మొక్కకి నీళ్లు పోస్తూ చాలాసేపు నిలబడిపోయాను.

చివరగా ఒక పని మాట. ఓనరమ్మతో మాట్లాడాను. నేను చెప్పినవాళ్లకే ఇల్లు ఇస్తామన్నారు. ఉస్మానియాలో చదువుతూ, ఇల్లు దొరక్క తిరుగుతున్న మన ఆడపిల్లలు ఇద్దరు ముగ్గురు ఉంటే నాకు చెప్పండి. అయిదో తారీఖులోపు అద్దె, నీళ్లు జాగ్రత్త. నా షరతు ఒక్కటే. బల్ల ఇక్కడే ఉంటుంది. సాయంత్రం ఒక పిల్ల మెట్లెక్కి వస్తుంది, తలుపు తీయాలి.

జై భీమ్.